బాధ్యత నెఱిగిన నాయకుడు

1956వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, అప్పటి హైదరాబాదు రాష్ట్రములోని మహబూబ్‌నగరమునకు సమీపమున ఒక రైలు వంతెన కూలిపోయెను. బండి పెట్టెలు నీటిలో పడి నూరుమందికి పైగా ప్రయాణికులు మరణించిరి. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు తమ రాజీనామాను ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారికి సమర్పించిరి. నెహ్రూగారు దాని నంగీకరింపలేదు.

మూడు నెలలైనను గడువలేదు. నవంబరు 23వ తేదీన మద్రాసు రాష్ట్రములోని అరియలూరు వద్ద మరియొక వంతెన వరద తాకిడికి దెబ్బతినెను. తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్సు ఏటిలో పడెను. మరల నూరుమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఈ పర్యాయము శాస్త్రిగారు పట్టు విడువలేదు. నెహ్రూగారికి రాజీనామా నంగీకరింపక తప్పలేదు.

బాలబాలికలారా! ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. ఆ వంతెనను గట్టినది శాస్త్రిగారు కాదు. ఆ బండిని నడపినదియు వారు కాదు. వరద రాకుండ నాపుట యెవరి తరమును గాదు. మరి వారేల పదవిని విడువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, ఆయన యెట్టివారో కొంత తెలిసికొందము.

శాస్త్రిగారు 1904వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, కాశీకి సమీపమున నున్న మొగల్‌సరాయిలో జన్మించిరి. తండ్రి శారదాప్రసాదుగారు మొదట బడిపంతులు. పిమ్మట రెవెన్యూ కచేరీలో గుమాస్తా. తల్లి రామ్‌దులారీదేవి. బిడ్డకు రెండేండ్లు నిండక మునుపే తండ్రి గతించెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి చేరెను. మాతామహుని యింట పెరిగిన ఆ బాలుడు పైచదువునకై కాశీకి వెళ్ళి బంధువుల యింట నుండెను. చెప్పులు లేని పాదములతో, మండుటెండలోనైనను, మైళ్ళకొలది నడచి బడికి పోవుచుండెను.

1921లో గాంధీమహాత్ముని సహాయనిరాకరణపు పిలుపు విని ఆయన ఆ బడిని విడిచెను. తరువాత జాతీయ విద్యాలయమైన కాశీ విద్యాపీఠమున జేరి, 1925లో 'శాస్త్రి' పట్టమును పొందెను. మన ప్రాంతములలో 'శాస్త్రి' యన్న మాట విన్నంతనే అది వంశమునుబట్టి వచ్చిన పేరని తలతుము. ఇది అట్టిది కాదు. చదువువలన లభించిన పట్టము. తమ కులమును దెలుపు 'శ్రీవాస్తవ' యను పేరును వారు బాల్యముననే వదలుకొనిరి. పుట్టుకతో వచ్చిన పేరు పోయి, చదువుతో వచ్చిన పేరు నిలిచినది.

పిదప వారు లాలా లజపతిరాయ్‌గారు స్థాపించిన లోకసేవక మండలిలో సభ్యులైరి. 1928లో లలితాదేవిగారిని వివాహమాడినప్పుడు కట్నముగా గైకొనినది ఒక రాట్నము, కొన్ని గజముల ఖద్దరు మాత్రమే. స్వాతంత్ర్యోద్యమమున పలుమారులు చెరసాలకేగి, ఏండ్ల తరబడి అచ్చట గడపిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఉత్తరప్రదేశములో మంత్రియై, 1952లో కేంద్రమున రైల్వే శాఖను చేపట్టిరి. మన దేశముననే రైలుపెట్టెలను తయారుచేయు పెరంబూరు కర్మాగారము వారు మంత్రిగా నున్న కాలమున, 1955లో, ప్రారంభమైనది. అట్లు పని సాగుచున్న సమయముననే ఆ రెండు దుర్ఘటనలు జరిగినవి.

ఇక మన ప్రశ్నకు తిరిగి వత్తము. మన రాజ్యాంగములోని 75వ అధికరణము ప్రకారము మంత్రిమండలి సమష్టిగా లోకసభకు బాధ్యత వహింపవలెను. రైల్వేశాఖలో పట్టాలను కనిపెట్టి యుండు కూలి మొదలు ఇంజనీరు వఱకు లక్షలమంది పనిచేయుదురు. వారిపైన రైల్వే బోర్డు, దానిపైన మంత్రి. ఏదేని లోపము జరిగినప్పుడు ప్రజాప్రతినిధులు సభలో నిలబెట్టి యడుగునది కూలిని గాదు, మంత్రిని. శాఖ చేసిన మంచిపనికి పూలదండ వేయించుకొనువాడే, అందు జరిగిన కీడునకును తల యొగ్గవలెను. నెహ్రూగారు పార్లమెంటులో ఈ సంగతినే వివరించిరి. ప్రమాదమునకు శాస్త్రిగారు కారకులని తాము భావించుట లేదనియు, ప్రజాప్రభుత్వమున నిది యొక మేలైన సంప్రదాయమగునని తలచియే రాజీనామాను స్వీకరించితిమనియు చెప్పిరి.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు, బడితోటలోని మొక్కలకు నీరు పోయుట ఒక తరగతివారి వంతు. దసరా సెలవులలో మొక్కలన్నియు ఎండిపోయెను. నేనడుగగా ఒక్కొక్కడు తన ప్రక్కవానిని చూపెను. అందరి మాటలు ముగిసిన పిమ్మట తరగతి నాయకుడు లేచి, "వంతులు వేసినది నేను. వారు పోసిరో లేదో చూడనిదియు నేనే" అనెను. నిజమునకు అతడు తన వంతు నీరు పోసియే యుండెను. ఆ మాటతో ఒకరినొకరు చూపుకొనుట ఆగిపోయినది. మరునాటి ఉదయమునకే తరగతి అంతయు చెంబులతో తోటకు వచ్చినది.

"రాజీనామా యిచ్చినంతనే కూలిన వంతెన నిలుచునా?" అని మీరడుగవచ్చును. నిలువదు. వంతెనను నిలుపుటకు విచారణ కావలెను, ఇంజనీరు కావలెను, ధనము కావలెను. ఆ పని వేఱు. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లి "దీనికి జవాబు చెప్పువా డెవడు?" అని యడిగినప్పుడు ఒకడు ముందుకు వచ్చి "నేను" అనవలెను. అట్లు చెప్పువాడు లేనిచోట తప్పు ఒకరి మీదనుండి మరియొకరి మీదికి పోవుచునే యుండును. దానిని దిద్దువాడు కనబడడు.

పదవిని విడిచినందున శాస్త్రిగారి గౌరవము తగ్గలేదు. 1957 ఎన్నికలలో గెలిచి మరల మంత్రియైరి. 1961లో హోంమంత్రియై, 1963లో కామరాజుగారి ప్రణాళిక ననుసరించి ఆ పదవినికూడ వదలుకొనిరి. నెహ్రూగారి మరణానంతరము 1964 జూన్ 9వ తేదీన ప్రధానమంత్రి యైరి.

ఆ పదవిలో వారున్నది పందొమ్మిది నెలలు మాత్రమే. ఆ కాలమున దేశమును ఆహారపు కొఱత పీడించుచుండెను. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చెను. సైనికునకును రైతునకును సమానగౌరవ మిచ్చు 'జై జవాన్, జై కిసాన్' అను నినాదమును వారు దేశమున కిచ్చిరి. వారమున కొక పూట భోజనము మానుడని ప్రజలను కోరిరి. ఆ నియమమును ముందుగా తమ యింట నమలుపఱచిన తరువాతనే యితరులను కోరిరి. వ్యవసాయమంత్రి సి. సుబ్రహ్మణ్యంగారు అధిక దిగుబడి నిచ్చు మెక్సికో గోధుమ విత్తనములను తెప్పించుటకు పూనుకొనగా ఆయనకు అండగా నిలిచిరి. 1965లో ఆహార సంస్థయు, జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థయు ఏర్పడినవి. తరువాతి కాలమున దేశము ధాన్యమునందును పాలయందును పరుల నాశ్రయింపని స్థితికి వచ్చుటకు ఆనాడు వేసిన పునాదులు తోడ్పడినవి.

1966 జనవరి 10వ తేదీన తాష్కెంటు నగరమున పాకిస్తాను అధ్యక్షుడు అయూబ్ ఖానుతో శాంతి ఒడంబడికపై సంతకము చేసిరి. ఆ రాత్రి గడచి తెల్లవారక మునుపే హృద్రోగముచే అచ్చటనే కన్నుమూసిరి. అదే సంవత్సరము 'భారతరత్న' బిరుదము వారికి మరణానంతరము లభించినది. హైదరాబాదులోని క్రీడాప్రాంగణమునకును, ఐ.ఏ.ఎస్. అధికారులకు శిక్షణ నిచ్చు ముస్సోరీలోని జాతీయ సంస్థకును వారి పేరే పెట్టబడినది.

వారు విడిచిపోయిన ఆస్తిలో ఒక అప్పుకూడ ఉన్నది. ప్రధానమంత్రిగా నున్నప్పుడు ఒక చిన్న కారు కొనుటకై బ్యాంకు నుండి 5,000 రూపాయలు బదులు తీసికొనియుండిరి. అది తీరక మునుపే వారు మరణించిరి. లలితాదేవిగారు తమకు వచ్చు పింఛనులో నుండి ఆ ఋణమును తీర్చివేసిరి. రైలు ప్రమాదమునకు జవాబు చెప్పిన ఆ యింట, అప్పునకును జవాబు చెప్పువారుండిరి.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు అధికారులు కావచ్చును, ఉపాధ్యాయులు కావచ్చును, ప్రజాప్రతినిధులును కావచ్చును. మీ చేతిక్రింద ఏదేని లోపము జరిగిన నాడు, వ్రేలు చూపుటకు మీ చుట్టును ఎందఱో కనబడుదురు. ఆనాడు అరియలూరు వంతెనను ఒక్కసారి తలచుకొనుడు.