మాంటెరే తిమింగలాల లెక్క

కాలిఫోర్నియాలో మాంటెరే బే ఒడ్డునున్న మాస్ ల్యాండింగ్ రేవు దాటీ దాటగానే సముద్రం అడుగున ఒక లోయ మొదలవుతుంది. పోనుపోను అది 3,600 మీటర్ల లోతుకు దిగుతుంది. బాగా లోతైన నీళ్లు కావాలంటే మామూలుగా తీరం వదిలి చాలా దూరం పోవాలి. మాంటెరే బేలో మాత్రం మూడు నాలుగు గంటల బోటు షికారులోనే ఆ లోయ మీదికి వెళ్లి రావచ్చు. ఇక్కడ తిమింగలాలు కనిపించడానికి మొదటి కారణం ఇదే.

రెండోది గాలి. వసంతంలో, వేసవిలో వాయవ్యపు గాలి తీరం వెంబడి వీస్తుంది. ఆ గాలి, భూభ్రమణం కలిసి పైనీటిని నడిసముద్రంలోకి నెట్టేస్తే, అడుగు నుంచి పోషకాలున్న చల్లటి నీరు పొంగుకొస్తుంది. దాంతో సూక్ష్మ నాచు పెరుగుతుంది. దాన్ని మేసే క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులు, నెత్తళ్లు గుంపులు కడతాయి. వాటి కోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, నీలి తిమింగలాలు ఎక్కువగా జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడ ఉంటాయి. డిసెంబరు-ఏప్రిల్ మధ్య కనిపించే బూడిద తిమింగలాలు మేతకు ఆగవు, దాటిపోతాయి. ఆర్కిటిక్ మేత నీళ్లకూ మెక్సికో మడుగులకూ మధ్య రానూపోనూ వాటి ప్రయాణం 16,000 కిలోమీటర్ల పైమాటే. 2016లో సుమారు 27,000 ఉన్నవి 2025 అంచనాలో 13,000 దగ్గరికి పడిపోయాయి. ఇది నన్ను నిజంగా భయపెడుతున్న అంకె.

బోటు ఎక్కాక ఓపిక ఎందుకు కావాలో ఒక గుండె చెబుతుంది. 2018 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఇదే బేలో ఒక నీలి తిమింగలం ఎడమ రెక్క దగ్గర, రబ్బరు కప్పులతో అతుక్కునే పరికరాన్ని అమర్చారు. అది 184 మీటర్ల లోతుకు మునిగింది. ఒక మునకలో పదహారున్నర నిమిషాలు కిందే ఉంది. లోతులో దాని గుండె నిమిషానికి నాలుగు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి రెండే సార్లు కొట్టుకుంది. పైకొచ్చాక 25 నుంచి 37 సార్లు. పైన ఒక్కసారి కూడా నాలుగు నిమిషాలకు మించి ఆగలేదు. కాబట్టి తిమింగలం మునిగిన చోట నీటి మీద ఏర్పడే నున్నటి జాడ చూసి, దూరంగా లేచే తుంపర కోసం దిక్కులన్నీ వెతకాలి. నీలి తిమింగలం తుంపర తొమ్మిది మీటర్ల ఎత్తు లేస్తుంది.

హంప్‌బ్యాక్ మునిగేటప్పుడు తోక ఎత్తుతుంది. తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. పర్యాటకులు, పరిశోధకులు తీసిన తోకల ఫొటోలను పోల్చే హ్యాపీవేల్ వెబ్‌సైట్ సాయంతోనే ఉత్తర పసిఫిక్ హంప్‌బ్యాక్‌ల లెక్క తేలింది: 2012లో సుమారు 33,000, 2021కి దాదాపు 26,700. మధ్యలో 2014-16 నాటి సముద్రపు వేడిగాడ్పు వాటి మేతను దెబ్బతీసింది.

శాన్ హోసే నుంచి మాంటెరే కారులో గంటన్నర. శాన్ హోసేలోని తెలుగు కుటుంబాలు జులైలో వెళ్లినా స్వెట్టర్లు మరవొద్దు, వాంతుల మాత్ర బోటు ఎక్కే ముందే వేసుకోవాలి. తిమింగలానికి 100 గజాల దూరం పాటించే బోటునే ఎంచుకోండి. తోక ఫొటో దొరికితే ఫోన్‌లో దాచుకోకుండా హ్యాపీవేల్‌కు పంపండి.