ఇంటికి తగిన రౌటరు

కృష్ణా జిల్లాలో మచిలీపట్టణమునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున మంగినపూడి సముద్రతీరము కలదు. అచ్చటి దీపస్తంభపు వెలుగును చూచి పడవలవారు రాత్రివేళ తీరమును గుర్తింతురు. మచిలీపట్టణమున భారత వాతావరణశాఖవారి రాడారు కలదు. అది కంటికి కానరాని తరంగములను పంపి, మేఘములను తాకి తిరిగివచ్చు వానిని బట్టి తుపాను జాడను కనిపెట్టును. తీగ లేకయే ఇంటిలోని ఫోనులకు ఇంటర్నెట్టును పంచు రౌటరు అను చిన్న పెట్టెయు అట్టి తరంగములతోనే పనిచేయును. దీపపు వెలుగు, రాడారు తరంగము, రౌటరు తరంగము, ఈ మూడును విద్యుదయస్కాంత తరంగములే. వాని పొడవులలో మాత్రమే భేదము కలదు. ఈ సంగతి తెలిసినవారు, అంగడిలో వరుసగా పేర్చిన పెట్టెలలో తమ యింటికి తగినది ఏదో సులభముగా నిర్ణయింపగలరు.

మొదట ఇంటికి వచ్చు తీగను గూర్చి తెలిసికొనవలెను. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము, విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగలను సాగించి పల్లెలకు ఇంటర్నెట్టును చేర్చెను. వెండ్రుకవంటి ఆ గాజుపోగులో సమాచారము కాంతిరూపమున ప్రయాణము చేయును. ఇంటిలోని ఒక పెట్టె ఆ కాంతిని విద్యుత్సంకేతములుగా మార్చును. రౌటరు ఆ సంకేతములను ఫోనులకును కంప్యూటర్లకును పంచిపెట్టును. పెక్కు ఇండ్లలో ఈ రెండు పనులను ఒకే పెట్టె చేయుచుండును. కనెక్షను ఇచ్చినవారే అట్టి పెట్టెను అమర్చియున్నచో, అది చాలునో చాలదో పరీక్షించిన పిమ్మటనే వేరొకదానిని కొనుట యుక్తము.

ఆ పరీక్ష మిక్కిలి సులభమైనది. రౌటరు ప్రక్కన కూర్చుండి ఒకసారియు, ఇంటిలో దూరపు గదినుండి మరియొకసారియు ఇంటర్నెట్టు వేగమును కొలువవలెను. దగ్గర వేగము బాగుగ నుండి దూరమున తగ్గినచో, దోషము గోడలయందో, రౌటరును ఉంచిన చోటునందో యుండును. రెండు చోట్లను వేగము తక్కువగానే యున్నచో, లోపము తీగయందున్నదా, పెట్టెయందున్నదా అని విచారింపవలెను. అప్పుడు కంప్యూటరును తీగతోనే రౌటరునకు కలిపి చూచినచో నిజము తేలును. కాలువలో నీరు లేనప్పుడు తూమును ఎంత వెడల్పు చేసినను పొలము తడవదని డెల్టా రైతులకు తెలియును. అట్లే, తీగ ద్వారా వచ్చు వేగమునకు మించిన వేగమును ఎంత ఖరీదైన రౌటరును ఈయజాలదు.

పెట్టెపై ముద్రించిన అంకెలను కూడ జాగ్రత్తగా చదువవలెను. వైఫై రౌటర్లు పెక్కు రెండు బ్యాండులలో పనిచేయును. ఒకటి 2.4 గిగాహెర్ట్జులది, రెండవది 5 గిగాహెర్ట్జులది. ఒక రకపు పెట్టెపై 1200 అని యుండును. అది ఒక బ్యాండులోని 300 మెగాబిట్లను, మరియొకదానిలోని 867 మెగాబిట్లను కూడి, ఆ మొత్తమును పెంచి వ్రాసిన అంకె. సాధారణముగా ఫోను ఒక సమయమున ఒక బ్యాండునే వాడును గనుక, ఆ మొత్తము ఏ ఒక్క ఫోనునకును దక్కదు. ఇంటికి వచ్చు వేగము సెకనుకు 100 మెగాబిట్లకు మించినచో, రౌటరు వెనుకనున్న తీగల రంధ్రములు 1000 మెగాబిట్లకు తగినవి కావలెను. 100 మెగాబిట్ల రంధ్రమున్నచో మిగిలిన వేగమంతయు అచ్చటనే ఆగిపోవును.

2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జుల తరంగము అందులో సగము. పొడవైన తరంగము గోడలను దాటి ఎక్కువ దూరము పోవును. కాని పొరుగిండ్ల రౌటర్లును, మైక్రోవేవ్ పొయ్యిలును ఆ ప్రాంతముననే యుండుటచే అచ్చట రద్దీ హెచ్చు. పొట్టి తరంగము వేగముగ సమాచారమును మోయునుగాని, గోడలకు త్వరగా బలహీనపడును.

కావున ఇంటినిబట్టి ఎంపిక మారును. ఒకే గదిగల తాటాకు ఇంటికి చవుకైన రౌటరు చాలును. తాటాకును తరంగములు సులభముగ దాటును. దళసరి గోడల పెంకుటింటికి రెండు బ్యాండుల రౌటరు కావలెను. రెండంతస్తుల దాబాలో, ఇనుప చువ్వలతో పోసిన శ్లాబు తరంగములను అడ్డగించును. అట్టి యింట ఒక్క ఖరీదైన పెట్టెకంటె, పై అంతస్తునకు తీగ లాగి అచ్చట మరియొక చిన్న పెట్టెను అమర్చుట మేలు.

యాంటెన్నాలు ఎక్కువగ నున్నచో తరంగము ఎంత దూరమైనను పోవునని కొందరు తలంతురు. సంభాషణమునకు ఇద్దరు కావలెను. రౌటరు పిలుపు ఫోనునకు వినబడినంతనే పని కాదు. ఫోను ఇచ్చు బదులు కూడ రౌటరునకు వినబడవలెను. ఫోను బలహీనమైనది. అందుచే రౌటరును ఇంటి నడుమ, ఎత్తుగ, ఇనుప బీరువాకును నీళ్లతొట్టికిని దూరముగ నుంచుట ముఖ్యము. సముద్రతీరపు ఇండ్లలో ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేయును. కాబట్టి దానిని కిటికీ ప్రక్కన ఉంచరాదు.

తాళములేని ఇల్లు ఎట్టిదో, సంకేతపదము మార్చని రౌటరు అట్టిది. డబ్ల్యు.పి.ఎ.3 అను రక్షణ పద్ధతి 2018లో వెలువడినది. క్రొత్తగా కొనునది ఆ పద్ధతి కలదై యుండవలెను. తయారైనవారు దాని లోపలి ప్రోగ్రాములను కొన్ని యేండ్లపాటు సరిదిద్దుచుందురా అనియు విచారింపవలెను.

తీరవాసులకు మరియొక జాగ్రత్త అవసరము. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును, సముద్రస్థితిని ముందుగ తెలుపును. ఆ వార్త ఇంటర్నెట్టు ద్వారా మత్స్యకారుని ఇంటికి చేరును. కాని విద్యుత్తు పోయినచో రౌటరు ఆగిపోవును. పెక్కు రౌటర్లు 12 వోల్టులతో పనిచేయును. వోల్టులు సరిపోవు చిన్న బ్యాటరీ పెట్టెను కలిపినచో కొన్ని గంటలు నడచును. కాంతిని మార్చు పెట్టె వేరుగ నున్నచో దానికిని బ్యాటరీ కావలెను. అయినను తుపాను గాలికి స్తంభములే కూలినచో గాజుతీగయు తెగును. అప్పుడు ఏ రౌటరును వార్త తేజాలదు. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకొలది ప్రజలు అసువులు బాసిరి. అట్టి తీరమున నివసించువారు రౌటరును నమ్ముకొని, బ్యాటరీతో పలుకు రేడియోను మూలపడవేయరాదు.

వచ్చు తీగను, ఇంటి గోడలను, వాడు మనుష్యుల అక్కరలను ముందు కొలిచి, ఆ తరువాత అంగడికి పోయినవారికి ధనము ఆదా యగును. చదువుకొను పిల్లలకు దూరపు గదిలో సైతము పాఠము అందును.