రంగు వేసి చూశాకే చుక్కలు

వరి నూర్పిళ్ల రోజుల్లో కంట్లో ఊక పడిందని ఆసుపత్రికి వచ్చేవాళ్లుంటారు. కన్ను ఎర్రబడి నీరు కారుతుంటుంది. మామూలు వెలుతురులో నల్లగుడ్డు మీద ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు డాక్టరు నారింజరంగు కొస ఉన్న సన్నని కాగితపు పట్టీని ఒక్క చుక్క సెలైన్‌తో తడిపి, కింది రెప్ప లోపలివైపు ఆనిస్తారు. రెండుసార్లు రెప్ప ఆర్పమంటారు. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో నీలి కాంతి వేయగానే, గీసుకుపోయిన చోటు ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఆ రంగు ఫ్లోరెసిన్. 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశారు. నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చ కాంతిని వదలడం దాని గుణం. అది నీటిలో కరిగేది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియా పైపొరలో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనుక, పొర బాగున్నంత మేర రంగు లోపలికి దిగదు, కన్నీళ్లతో పోతుంది. కణాలు ఊడిన చోట మాత్రం ఇంకుతుంది.

ఒకప్పుడు దీన్ని సీసాల్లో ద్రావణంగా ఉంచేవారు. అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా హాయిగా పెరిగేది. గాయాన్ని చూడబోయి చూపునే పోగొట్టగల క్రిమి అది. 1951లో కిమురా అనే కంటి డాక్టరు సూచించిన కాగితపు పట్టీతో ఆ ముప్పు తప్పింది.

అనుభవమున్న డాక్టరుకు మరక ఆకారమే సగం కథ చెబుతుంది. నిలువు గీతలు కనిపిస్తే పైరెప్పను తిరగేసి చూస్తారు, అక్కడ నలుసు ఇరుక్కుని ఉండొచ్చు. కొమ్మలు చీలిన ఆకారమైతే హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తారు. కార్నియాకు చిల్లుపడితే లోపలి నీరు రంగును పలచబరుస్తూ కిందికి జారుతుంది. దీన్ని సైడల్ పరీక్ష అంటారు.

ఇవేవీ చూడకుండా మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకోవడమే నన్ను భయపెట్టేది. స్టిరాయిడ్‌తో ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, నయమైందనిపిస్తుంది. ఊక, ఆకు, పుల్ల తగిలిన కంట్లో ఫంగస్ చేరే అవకాశం ఎక్కువ. స్టిరాయిడ్ చుక్కలు ఆ ఫంగస్‌కు, హెర్పిస్‌కు కూడా అడ్డు లేకుండా చేస్తాయి. పుండు లోతుకు దిగి, మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. రంగు వేసి చూసే పరీక్షకైతే సూది అక్కర్లేదు, కొద్ది నిమిషాలు చాలు. కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయాలి, మెత్తని లెన్సుకు ఈ రంగు పట్టేస్తుంది.