మొక్కజొన్న: ఒకే తల్లి, ఒకే తెగులు

మొక్కజొన్న ధర వాన మీద, కోళ్ళ దాణా గిరాకీ మీద ఆధారపడి వుంటుందని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. విత్తనం పుట్టుక కూడా ధారణలను ఎగదోయగలదని మాత్రం 1970 ఆగస్టులో చికాగో వాయిదా వ్యాపారులకు తెలిసివచ్చింది.

సంకర విత్తనం తీయాలంటే ఆడ వరుసల్లోని జల్లును పుప్పొడి రాలకముందే లాగివేయాలి. అది కూలి ఖర్చు పని. పుప్పొడి పనిచేయని ఒక రకం టెక్సాస్‌లో దొరికింది. దానిని తల్లిగా వాడితే జల్లు తీసే పని తప్పుతుంది. తండ్రి రకంలోని జన్యువులు రైతు పొలంలో పుప్పొడిని తిరిగి తెప్పిస్తాయి. విత్తన కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి? 1970 నాటికి అమెరికా పంటలో సుమారు 85 శాతం ఆ తల్లి సంతతే.

పైరులో కనిపించే తేడాలన్నీ విత్తనంవి కావు. పూతకు పట్టే రోజులు, మొక్క ఎత్తు చాలావరకు వంశం నుంచి వస్తాయి. వీటికి అనువంశికత ఎక్కువ. దిగుబడిలో నేల, నీరు, ఎరువుల పాలు పెద్దది. అందుకే పెద్ద కంకి ఏరి విత్తితే మరుసటి ఏడు అంత కంకీ రాదు. టెక్సాస్ తల్లి గుణం ఈ లెక్కలకు లొంగదు. అది కణద్రవ్యంలో వుంటుంది కనుక తండ్రి ఎవరైనా ప్రతి గింజకూ సంక్రమిస్తుంది. దానితోపాటే ఒక బలహీనత కూడా.

ఈ రకం ఆకు ఎండు తెగులుకు తేలికగా లొంగుతున్నదని ఫిలిప్పీన్స్ నుంచి 1961లోనే హెచ్చరిక వచ్చింది. పట్టించుకున్నవారు తక్కువ. 1970లో శిలీంధ్రపు కొత్త తెగ ఫ్లోరిడాలో మొదలై, తడి వాతావరణం తోడుకాగా గాలివాటున ఉత్తరాదికి ఎగబాకింది. మామూలు తల్లి విత్తనం వేసిన చేలు చాలావరకు తట్టుకున్నాయి. పక్కనే సంకరాలు మాడిపోయాయి. దేశం మొత్తం మీద పంటలో సుమారు 15 శాతం, విలువలో దాదాపు 100 కోట్ల డాలర్లు నష్టం. దక్షిణాదిన కొన్ని చోట్ల సగానికి పైగా పోయింది. తెగులు వార్తలు వచ్చిన కొద్దీ చికాగోలో ధరలు ఎగిశాయి.

ఆ చలికాలమే కంపెనీలు మామూలు తల్లి విత్తనాన్ని హవాయి వంటి వెచ్చని ప్రాంతాల్లో హడావుడిగా పెంచాయి. తర్వాతి వేసవుల్లో జల్లులు లాగడానికి బడిపిల్లలు మళ్ళీ పొలాల్లోకి దిగారు.