బుడగ లేకున్నా కుట్టే సోడా

టిన్ కాక్‌టెయిల్ అంటే మద్యం, పండ్ల పులుపు, చక్కెర, సువాసన ద్రవ్యాలు, నీళ్లు ముందే కొలిచి కలిపి, చాలా రకాల్లో కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కించి, గాలి చొరకుండా మూత బిగించిన పానీయం. హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలిలలో ఒకటి రెండు సాయంత్రాల కోసం వెలిసే పాప్-అప్ బార్లకు ఇది అన్నివిధాలా అనువైన సరుకు. కొలతలు తెలిసిన బార్‌టెండర్ అక్కర్లేదు, ఐసు పెట్టె ఒకటి ఉంటే చాలు. అయితే ఒకే టిన్‌లోని మొదటి గుటకకూ, అరగంట బల్ల మీద నిలిచాక తాగే చివరి గుటకకూ పోలికే ఉండదు. చివరిది తాగినవాళ్లు “గ్యాస్ పోయింది” అంటారు. పోయింది గ్యాసే, అందులో సందేహం లేదు. మరి ఆ గ్యాసు ఉన్నంతసేపూ నాలుకను ఏం చేస్తోంది? రుచి శాస్త్రంలో ఇంతకంటే అందమైన ప్రశ్న దొరకడం కష్టం.

ముందు గ్యాసు లెక్క. ద్రవంపై ఒక వాయువు ఎంత ఒత్తిడి పెడితే ఆ వాయువు అంత ఎక్కువగా అందులో కరుగుతుందని 1803లో విలియం హెన్రీ తేల్చాడు. వేడి పెరిగితే కరిగేది తగ్గుతుంది. మామూలు వాతావరణ పీడనంలో సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు దాదాపు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడును పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర అది 0.9 లీటరుకు, హైదరాబాద్ మే నెల మధ్యాహ్నపు 40 డిగ్రీల దగ్గర 0.5 లీటరుకు పడిపోతుంది. “కూలింగ్ ఉందా?” అని అడిగేవాళ్లు చల్లదనాన్నే అడుగుతున్నామనుకుంటారు, నిజానికి గ్యాసునూ అడుగుతున్నారు. గోలీ సోడాలో గోలీని రబ్బరు వలయానికి అదిమిపట్టేదీ ఈ ఒత్తిడే. హైరమ్ కాడ్ ఆ సీసాకు ఇంగ్లండులో 1872లో పేటెంటు తీసుకున్నాడు. మిల్లీమీటరులో పదో వంతు మందమే ఉండే అల్యూమినియం టిన్ గోడ చేతిలో నలగకుండా బిర్రుగా నిలబడేది కూడా లోపలి ఒత్తిడి వల్లే.

కుదుపులకు గురైన టిన్‌ను తెరిచేముందు వేలితో టకటకా కొడితే పొంగదన్న నమ్మకం లోకమంతా ఉంది. డెన్మార్క్ పరిశోధకులు వెయ్యికి పైగా బీరు టిన్‌లపై దీన్ని పరీక్షించి, కొట్టినా కొట్టకపోయినా పొంగు ఒకటేనని తేల్చారు. కొంతసేపు కదపకుండా ఉంచడమే మందు.

సోడా నాలుక మీద చురుక్కుమనడానికి బుడగలే కారణమని చాలాకాలం అనుకున్నారు. బుడగలు పగిలి నాలుకను పొడుస్తాయనీ, ఆ చురుకు కేవలం స్పర్శేననీ ఒక ఊహ. సోడా విషయంలో తప్పటడుగులు పుట్టుకతోనే మొదలయ్యాయి. 1767లో లీడ్స్‌లో బీరు బట్టీ పక్కన ఉంటూ నీటిలో ఈ గ్యాసు కలిపిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. నావికుల స్కర్వీ జబ్బుకు ఆ నీళ్లు మందవుతాయని గట్టిగా నమ్మాడు. స్కర్వీకి కావలసింది విటమిన్ సి, అది సోడాలో లేదు.

బుడగ సిద్ధాంతానికి మొదటి దెబ్బ కొండలెక్కేవాళ్ల వల్ల తగిలింది. ఎత్తైన చోట్ల వచ్చే జబ్బు రాకుండా వాళ్లు అసిటజోలమైడ్ మాత్రలు వేసుకుంటారు. అవి వేసుకున్నవాళ్లకు బీరు, షాంపేన్ చప్పగా, గ్యాసు లేనట్టు అనిపించాయి. గ్లాసులో బుడగలు మామూలుగానే లేస్తున్నా నాలుకకు చురుకు తెలియలేదు. ఆ మాత్ర అడ్డుకునేది కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమును. రెండో దెబ్బ 2013లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ పరిశోధకుల నుంచి వచ్చింది. వాళ్లు మనుషులను రెట్టింపు వాతావరణ పీడనం ఉన్న గదిలో కూర్చోబెట్టి సోడా తాగించారు. ఆ ఒత్తిడిలో బుడగలు కట్టవు. అయినా చురుకు అంతే ఉంది! బుడగ స్పర్శ ఆ చురుకుకు తోడుకాగలదు, పుట్టించేది మాత్రం అది కాదు.

మరి పుట్టించేది ఏది? కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే కార్బానిక్ ఆమ్లం ఏర్పడి, దాని నుంచి హైడ్రోజన్ అయాన్లు విడివడతాయి. ఎంజైము తోడు లేకపోతే ఈ చర్య నత్తనడక నడుస్తుంది. గుటక గొంతు దిగిపోయాక గానీ పులుపు తయారు కాదు. అయితే పులుపును గుర్తించే నాలుక కణాల పైపొరకే కార్బానిక్ అన్‌హైడ్రేజ్-4 అంటుకుని ఉంటుంది. చార్లెస్ జుకర్, నికొలస్ రైబా బృందాలు 2009లో ఎలుకల్లో దీన్ని చూపాయి. పులుపు కణాలు పనిచేయని ఎలుకల రుచి నరాలు ఈ గ్యాసుకు స్పందించలేదు.

కథ ఇంతటితో ముగిస్తే సోడా నిమ్మనీళ్లలా పుల్లగా ఉండాలి గానీ కుట్టకూడదు. కుట్టే పని ముఖంలోని ట్రైజెమినల్ నరానిది, అంటే ముఖాన నొప్పిని, మంటను, చలిని మోసే నరానిది. నిమ్మపులుపులోని హైడ్రోజన్ అయాన్లు కణపు కొవ్వు పొరను సులువుగా దాటలేవు, గుమ్మం బయటే ఆగిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ అణువుకు విద్యుదావేశం లేదు. అది కొవ్వు పొర గుండా జారి నరపు కొసల లోపలికి వెళ్లి, అక్కడి నీటితో కలిసి, లోపలే ఆమ్లంగా మారుతుంది. ఆ లోపలి పులుపుకు టీఆర్‌పీఏ1 అనే ద్వారం తెరుచుకుంటుందని ఎమిలీ లైమన్ బృందం 2010లో నిరూపించింది. తెలుగు నాలుకకు ఈ ద్వారం కొత్తది కాదు. ఆవపిండి ఘాటుకు తెరుచుకునేది కూడా ఇదే. కొత్తావకాయ ముద్ద నోట పెట్టగానే ముక్కులోకి ఎక్కే ఘాటూ, చల్లని టిన్ మొదటి గుటక చురుకూ నరం దగ్గర ఒకే తలుపు తడుతున్నాయి! చురుకు గుటకతోపాటే కాక ఒక క్షణం ఆలస్యంగా పెరగడానికి కూడా కారణం ఇదే. గ్యాసు పొర దాటాలి, ఆమ్లం కావాలి, అప్పుడు తలుపు తెరుచుకోవాలి. చల్లదనం గ్యాసును నిలపడంతో ఆగదు, గ్యాసు మోతాదు మారకపోయినా చురుకును మరింత పెంచుతుంది.

ఇక బల్ల మీది స్టఫ్ సంగతి. చికెన్ 65, అపోలో ఫిష్, మిరపకాయ బజ్జీ మంటకు ద్వారం వేరు. అది టీఆర్‌పీవీ1. దీన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ దక్కింది. మామూలుగా ఇది 42 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. మద్యం సోకితే ఆ హద్దు దాదాపు 34 డిగ్రీలకు దిగుతుందని 2002లో తేలింది. నోటి వేడి 37 డిగ్రీలు కాబట్టి మద్యం తగిలిన నాలుకకు సొంత వేడే మంటగా తోస్తుంది. అందుకే బజ్జీ మంటను కాక్‌టెయిల్ గుటకతో చల్లార్చుకోబోతే అది ఆరదు, ఎగదోసినట్టవుతుంది. సోడా చురుకు కూడా నొప్పి దారిలోనే వస్తుంది కాబట్టి అదీ సాయపడదు. పెరుగు పచ్చడి ఒక్కటే దిక్కు. పాల ప్రోటీన్ మిరప ఘాటును పట్టి కడిగేస్తుంది.

ఉప్పు వేయించిన పల్లీల పని ఇందుకు భిన్నం. టానిక్ కలిపిన టిన్‌లలో చేదు క్వినైన్‌ది. ఒకప్పుడు మలేరియాకు అదే మందు. ఉప్పులోని సోడియం చేదును అణచి, ఆ చేదు చాటున దాగిన తీపిని పైకి తేలుస్తుందని బ్రెస్లిన్, బోషాం 1997లో చూపారు. నాలుగు పల్లీలు నమిలాక జిన్ టానిక్ తియ్యగా అనిపించడం భ్రమ కాదు.

ఇంత తెలిశాక కూడా మెనూ కార్డుల్లో పూల వాసనల గురించి, కలపపీపాల గురించి వర్ణనలే తప్ప టిన్ ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తారో రాయకపోవడం అన్యాయం. నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ పుల్లటి ద్రవంలో నెలల తరబడి నిలవుంటే విరిగిపోతుంది. కాబట్టి తయారీ తేదీ చూడటం కూడా అవసరమే. టిన్ కంతకు నోరు పెట్టి తాగితే వాసన ముందుగా ముక్కుకు అందదు. అందుకు గ్లాసు కావాలి. అయితే గ్లాసులో వంచిన మరుక్షణం నుంచి గ్యాసు వేగంగా తప్పించుకుపోతుంది. చల్లబరిచిన గ్లాసును పక్కకు వంచి, గోడ వెంట నెమ్మదిగా పోస్తే ఆ నష్టం తగ్గుతుంది.