ప్లేస్టోర్‌లో ఉంటేనే యాపా?

'మనకూ ఓ యాప్ ఉండాలె. అది ప్లేస్టోర్ల కనిపించాలె. లేకుంటే ఎవరూ నమ్మరు.' కరీంనగర్ టవర్ సర్కిల్‌లోని బట్టల దుకాణం నుంచి కోచింగ్ సెంటర్ల దాకా ఇదే మాట. మొబైల్ యాప్‌ల విషయంలో ఇంత నష్టం చేస్తున్న అపోహ మరొకటి లేదు.

క్రోమ్‌లో తెరుచుకునే వెబ్‌సైట్‌నే ఫోన్ తెరపై ఐకాన్‌గా పెట్టుకోవచ్చు. పద్ధతిగా తయారుచేస్తే అది నెట్ లేనప్పుడూ తెరుచుకుంటుంది, నోటిఫికేషన్లూ పంపుతుంది. దీన్ని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు. 2015 నవంబరులోనే ఫ్లిప్‌కార్ట్ ఈ దారిలో 'ఫ్లిప్‌కార్ట్ లైట్' తెచ్చింది. అదే ఏడాది మేలో ఆ సంస్థ చేతిలోని బట్టల అమ్మకాల సంస్థ మింత్రా తన వెబ్‌సైట్‌ను మూసేసి, యాప్‌లోనే కొనాలంది. 2016 జూన్‌లో మళ్లీ వెబ్‌సైట్ తెరవక తప్పలేదు. అంత పెద్ద సంస్థకే కుదరనిది ఒక్క ఊళ్లోని దుకాణానికి ఎలా కుదురుతుంది? ఐఫోన్‌లో వెబ్ యాప్‌కు నోటిఫికేషన్లు రావన్న వాదన కూడా 2023 మార్చిలో ఐఓఎస్ 16.4 రాకతో చెల్లిపోయింది.

తప్పు రూపం ఎంచుకుంటే ఏమవుతుందో ఆదిలాబాద్ పత్తి రైతును అడగాలి. 2025 సీజన్‌లో మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవడం తప్పనిసరైంది. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర రూ.8,110. దాన్ని అందుకోవాలంటే ముందు స్మార్ట్‌ఫోన్ కావాలి, అందులో ఖాళీ ఉండాలి, సిగ్నల్ ఉండాలి, ఓటీపీ వచ్చే నంబరు పనిచేస్తుండాలి. బటన్ ఫోన్ రైతు ఏం చేయాలి? పొరుగింటి కుర్రాడినో, వ్యవసాయ విస్తరణ అధికారినో బతిమాలాలి. స్లాట్ దొరకకపోతే ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. ఇలాంటి చోట వెబ్ యాప్ కూడా ఒక్కటే చాలదు, ఫోన్ కాల్‌తో నడిచే సేవ తోడుండాలి. బటన్ ఫోన్‌తో డబ్బు పంపే 'యూపీఐ 123పే'ను రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలోనే ప్రారంభించింది. డబ్బు పంపడానికి కుదిరింది, స్లాట్‌కు ఎందుకు కుదరదు?

'నేటివ్ యాప్‌దే (ఆ ఫోన్ కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన యాప్‌దే) వేగం' అన్న మాటను మాత్రం ఒప్పుకోక తప్పదు. వెబ్ సాంకేతికతను నమ్ముకున్న ఫేస్‌బుక్ కూడా 2012లో నేటివ్‌కు మారింది. గేములు, బ్లూటూత్ పరికరాలతో పని, తెర ఆఫ్‌లో ఉన్నా జీపీఎస్ నడవాల్సిన సర్వేలు అయితే నేటివే మేలు. చీరల ఫొటోలు చూపించడానికి అంత వేగంతో పనేముంది?

మిగతా అపోహలు ఎక్కువ మాటలకు తగినవి కావు. ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ కలిపి ఫ్లట్టర్ అనే సాధనంలో ఒకే కోడ్ రాస్తే ఖర్చు సగమవుతుందంటారు. పని తగ్గుతుంది గానీ రెండు రకాల ఫోన్లలో పరీక్షలు, రెండు స్టోర్ల ఫీజులు తప్పవు. గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. వెబ్‌సైట్‌నే యాప్‌గా చుట్టి పంపితే ఆపిల్ తిరగ్గొట్టే అవకాశమే ఎక్కువ. స్టోర్‌లో పెట్టగానే డౌన్‌లోడ్లు వాటంతటవే రావు.

కరీంనగర్ ఐటీ టవర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా, డెవలపర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ కస్టమర్ల ఫోన్లు చూడండి. నెలకు ఎన్నిసార్లు మీతో పని పడుతుందో లెక్కేయండి. ఒకటి రెండుసార్లే అయితే వెబ్ యాప్‌తో మొదలుపెట్టండి. రోజూ వాడతారని తేలాకే స్టోర్ వైపు వెళ్లండి. అప్పుడు కూడా ప్లేస్టోర్ ఖాతాను డెవలపర్ పేరుతో కాకుండా మీ పేరుతోనే తెరిపించండి, కోడ్ కాపీ చేతికి వచ్చాకే చివరి వాయిదా కట్టండి.