ఇంట్లో లినక్స్ ఎందుకు?

"ఆఫీసులో విండోస్ వాడతారు, ఇంట్లో మాత్రం లినక్స్! ఎందుకు నాన్నా?" అని మా అమ్మాయి ఈమధ్య అడిగింది. బ్యాంకు ఐటీ విభాగంలో ప్రోగ్రాములు రాసే నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను.

ఆపరేటింగ్ సిస్టమ్ మన శాఖలో మేనేజరు లాంటిది. ఏ పని ముందు జరగాలో, ఏ బీరువా ఎవరు తెరవవచ్చో నిర్ణయించేది అదే. మిగతా ప్రోగ్రాములన్నీ దాని అనుమతితోనే మెమరీని, డిస్కును, ప్రింటరును వాడుకుంటాయి.

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్‌కు, అక్కడ వాడే యూనిక్స్ లాంటిది ఇంట్లోని తన 386 కంప్యూటర్‌లోనూ ఉండాలనిపించింది. అలా సరదాగా మొదలుపెట్టిందే లినక్స్. ఆ ఒక్క విద్యార్థి ఇష్టం నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆధారం. ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నాటికే లినక్స్‌పైకి వచ్చేశాయి.

నాకు అది నచ్చడానికి కారణం స్ట్రాంగ్ రూమ్ తాళాలే. రెండు తాళాలు ఒకరి దగ్గరే ఉంచం కదా! లినక్స్‌లోనూ రోజువారీ పని ఒక ఖాతాతో చేస్తాం. కొత్త ప్రోగ్రాము ఎక్కించాలంటే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. కానీ ఇళ్లలో చాలామంది అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే అన్నీ చేసేస్తుంటారు.

ఇక రెండో కారణం మా మామగారు. పెన్షన్ జమ అయిందో లేదో ఆయన చూసుకునేది మా పాత కంప్యూటర్‌లోనే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోదు. భద్రతా అప్‌డేట్లు రాని చోట ఆయన జీవితకాలపు పొదుపును తెరవనివ్వలేను. అందుకే లినక్స్ ఎక్కించాను. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఆయనకు తేడా తెలియలేదు.

అయితే ఇది అందరికీ సరిపోతుందని చెప్పను. కొన్ని అకౌంటింగ్ ప్రోగ్రాములు, ఆటలు లినక్స్‌లో నేరుగా నడవవు. మా అమ్మాయి చదువుకు కావలసిన సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే ఉంది కాబట్టి ఆమె ల్యాప్‌టాప్‌ను నేను ముట్టుకోలేదు. మార్చేముందు మీ ఫైళ్లు, ఫొటోలు వేరే డిస్కులోకి తప్పక కాపీ చేసుకోండి.

ఏ సిస్టమ్ వాడాలన్నది మీ ఇష్టం. అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ మాత్రం వద్దు.